చేతికి గ్రీజు అంటితే చదువు చెడదు



వార్షికోత్సవ సంచిక అనగానే పోటీ పరీక్షల గురించి, ఇంజనీరింగ్ సీట్ల గురించి రాసేవాళ్లు ఉంటారు. అవీ కావలసినవే. మేము మాత్రం ఈసారి పాత ట్రాక్టరు ముందు చక్రం బేరింగుల గురించి రాస్తున్నాం. నవ్వేవాళ్లు చివరిదాకా చదివి నవ్వండి.

మేమంటే ఈ హాస్టల్లో ఒకే గదిలో ట్రంకుపెట్టెలు పెట్టుకుని చదివిన నలుగురం. మాలో ఒకరి నాయన ట్రాక్టరు డ్రైవరు. బండి ఆసామిది, పాతికేళ్ల నాటిది. ఇంటర్‌లో ఉండగా ఒకసారి ఆ ఊరు వెళ్లాం. దమ్ము పనులు జోరుగా సాగుతున్నాయి. బండి కుడి ముందు చక్రం ఊగుతోంది. మిస్త్రీ రెండు రోజులకు గానీ రానన్నాడు. నాట్లు ఆగవు. "చదువుకున్నోళ్లు గదరా, తలా ఒక చెయ్యి వెయ్యండి" అన్నాడు నాయన. మాకు సిగ్గేసింది. పని రాదని కాదు, చేతులకు మసి అంటుతుందని.

ఆయన చెప్తుంటే చేశాం. వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు యాక్సిల్ కింద జాకీ ఎత్తి, చెక్క దిమ్మలు పెట్టాం. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టకూడదన్నది మొదటి పాఠం. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాం. చక్రంతో పాటు స్టబ్ యాక్సిల్ కూడా కదిలితే అరిగింది కింగ్ పిన్ను. హబ్బు ఒక్కటే కదిలితే బేరింగు. మాది బేరింగే.

మూత తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పి హబ్బును బయటికి తీశాం. లోపలివైపు సీలు చినిగి బురదనీళ్లు చేరాయి. గ్రీజు పాలలా తెల్లబడింది. రోలర్ల మీద గుంటలు పడ్డాయి. కొత్త బేరింగు వేసేటప్పుడు హబ్బులో ఉన్న పాత కప్పును అలాగే ఉంచితే కొత్త రోలర్లు కూడా త్వరగా పాడవుతాయి. అందుకే కప్పు, కోను రెండూ జతగా మార్చాలి. సీలు కూడా కొత్తదే వేయాలి. కప్పును ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెట్టాలి. నేరుగా సుత్తి దెబ్బ వేస్తే ఉక్కు పెచ్చు ఎగిరి కంట్లో పడవచ్చు. గ్రీజు పైపైన పూస్తే చాలదు, అరచేతిలో వేసుకుని రోలర్ల మధ్యకు ఎక్కేలా నొక్కాలి.

ఇక నట్టు బిగింపు. గట్టిగా ఉంటేనే మంచిదని బలమంతా పెట్టి బిగించాం. పొలం దాకా వెళ్లి వచ్చేసరికి హబ్బు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. నాయన తిట్టలేదు. మళ్లీ విప్పించాడు. అదృష్టం, రోలర్ల రంగు మారలేదు. చక్రం తిప్పుతూ నట్టు బిగించాలి. చక్రం బరువుగా తిరగడం మొదలయ్యాక, పిన్ను పట్టే గాడి వచ్చేదాకా కొంచెం వెనక్కి వదలాలి. చక్రం తేలిగ్గా తిరగాలి, ఊగకూడదు. అప్పుడు కొత్త పిన్ను వేయాలి.

రాపిడి పాఠంలో మంచి మార్కులు తెచ్చుకున్నది మేము. ఆ పాఠం అర్థమైంది మాత్రం ఆ రోజే. రోలర్లు ఏటవాలుగా ఉంటాయి గనుక నట్టు ఎంత నొక్కితే సందు అంత తగ్గుతుంది. సందు లేకపోతే వేడి, ఎక్కువైతే ఊపు. ఈ రకం బేరింగుకు 1898లో అమెరికాలో పేటెంటు పొందిన హెన్రీ టిమ్కెన్ గుర్రపు బండ్లు తయారుచేసే మనిషి. బండి పని చేసే చేతికి ఆలోచన ఉండదని ఎవరు చెప్పారు?

మొన్నటి పూర్వ విద్యార్థుల సమావేశంలో ఒక తమ్ముడు ఐటీఐలో మెకానిక్ ట్రాక్టర్ ట్రేడు తీసుకుంటానన్నాడు. పక్కన నవ్వులు. ఆ నవ్వినవాళ్లలో మాలో ఒకరూ ఉన్నారు. అది తప్పని ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

"మళ్లీ మమ్మల్ని సుత్తి దగ్గరికే పంపుతారా అన్నా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన తాతలకు పలక ఇవ్వకుండా పని మాత్రం అంటగట్టారు. అందుకే పనంటే మనకు భయం, పుస్తకమంటే ఆశ. కానీ పుట్టుకను బట్టి నెత్తిన పడిన పని వేరు, తెలివితో ఎంచుకున్న పని వేరు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేడ్కరే. చదువు విలువ ఆయన కన్నా తెలిసినవారెవరు? పనివాడి హక్కు కోసం నిలబడిందీ ఆయనే. ఇంజనీరు కావాలనుకునేవాళ్లు తప్పక కావాలి. ఐటీఐకి వెళ్లేవాణ్ణి చూసి నవ్వే హక్కు మాత్రం మనలో ఎవరికీ లేదు. మనం చదువుకున్నది మన నాయనల చేతుల చలవతోనే.

మా కోరిక ఒక్కటే. నెలకు ఒక ఆదివారం హాస్టల్లో చేతిపని నేర్పించాలి. పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒక హబ్బు, నాలుగు పానాలు దొరక్కపోవు. వార్డెన్ గారు అనుమతిస్తే నేర్పడానికి మేము వస్తాం. రాగలిగితే నాయననూ వెంటబెట్టుకు వస్తాం. ఆ రోజు ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి, "సార్" అని పిలవండి తమ్ముళ్లూ.