కారున్నది కదలడానికండీ!

మా ఇంట్లో ఇప్పుడొక యుద్ధం నడుస్తోంది. కారణం ఆస్తి కాదు, ఆడపడుచు కాదు, పనిమనిషి అసలే కాదు. మా మామగారు 1971లో కొన్న ఫియట్. సికింద్రాబాదు వెస్ట్ మారేడుపల్లిలో, మా వాకిట్లో రేకుల షెడ్డు కింద ఉంటుంది. ఉంటుందంటే ఉత్తినే ఉంటుందని కాదు సుమండీ, వారానికి రెండుసార్లు నన్ను మోండా మార్కెట్టుకి తీసుకెళ్ళి తీసుకొస్తుంది. గొడవంతా అక్కడే ఉంది.

పెన్షను పుచ్చుకున్నాక మావారికి పాత కార్ల పిచ్చి పట్టింది. అందులోనూ అమెరికా వాళ్ళ మజిల్ కార్లు. కండల కార్లన్నమాట. ఆదివారం వచ్చిందంటే స్నేహితులు చేరతారు. వాళ్ళు కండల గురించి మాట్లాడాలి, నేను విడతలు విడతలుగా కాఫీ కలపాలి. వినగా వినగా నాకూ కాస్త వంటబట్టింది. 1960ల్లో అక్కడ మధ్యరకం కారులో పెద్ద ఇంజను బిగించి, కుర్రకారుకి అందే ధరకి అమ్మారట. 1964లో పోంటియాక్ జి.టి.ఓ. వచ్చాక ఇది ఊపందుకుందట. మా ఫియట్ ఇంజను 1,100 సీసీకి కాస్త తక్కువే. వాళ్ళ ‘హెమీ’ అనేది సుమారు 7,000. ఆరు ఫియట్లు కలిసినా దానికి సాటి రావు. ఇంతా చేసి దాని పరమార్థం ఏమయ్యా అంటే, పచ్చదీపం పడగానే పక్కవాణ్ణి దాటిపోవడం! తర్వాత ఇన్సూరెన్సు రేట్లు పెరిగాయి, పొగ మీద చట్టాలొచ్చాయి, 1973లో పెట్రోలుకి కటకట వచ్చింది. కండలు కరిగిపోయాయి.

ఇప్పుడు వాటికే వేలంపాటలు. 1971లో ప్లిమత్ వాళ్ళు హెమీ ఇంజనూ, మడతపెట్టే టాపూ పెట్టి ‘కూడా’ అనే కారు చేశారు. (నిజంగా దాని పేరు కూడా ‘కూడా’యే.) అలాంటివి పది పన్నెండుకి మించవు. అందులో ఒకటి 2014లో 35 లక్షల డాలర్లకి పోయింది. “ఎంత అపురూపమో చూశావా!” అన్నారు మావారు. అంత తక్కువ ఎందుకు చేశారండీ అని అడిగాను. ఆ రోజుల్లో ఆ ఖరీదు పెట్టి కొనేవాళ్ళు లేకట! జనరల్ బజారులో ఎవరూ కొనక మిగిలిన చీరని పాత స్టాకు అంటాం, సగానికి సగం తగ్గించమంటాం. కారయితే అపురూపం అవుతుంది కాబోలు.

మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గంగాళం అటకమీద ఉంటే “ఆ చెత్త పాతసామాన్లవాడికి పడెయ్యరాదూ” అన్నదీ ఈ నోరే. మగవాళ్ళు దాచుకుంటే వారసత్వం, ఆడవాళ్ళు దాచుకుంటే చెత్త. సరే, ఆ మాట కూడా దిగమింగాను. కానీ మొన్న బల్లమీద ఒక దరఖాస్తు కనపడింది. అది మాత్రం దిగలేదు.

2021లో కేంద్రప్రభుత్వం పాతకార్లకి కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండిని ఇరవై వేలు కట్టి రిజిస్టరు చేయించుకుంటే, నంబరులో ‘వి.ఏ.’ అనే అక్షరాలిస్తారు. వింటేజి అని గౌరవం. ఆ గౌరవంతోపాటు ఒక షరతు. రోజువారీ పనులకి బండి రోడ్డెక్కకూడదు. ప్రదర్శనకి వెళ్ళొచ్చు, ర్యాలీకి వెళ్ళొచ్చు, పెట్రోలుకీ మరమ్మతుకీ వెళ్ళొచ్చు. మోండా మార్కెట్టుకి మాత్రం వెళ్ళకూడదు! అంటే ఇరవై వేలు ఎదురిచ్చి, నడిచే కారుని కూర్చోబెట్టడం.

“చెల్లెమ్మా, తిరగని కారుకే విలువ” అన్నారు మావారి స్నేహితుడొకాయన. చౌమహల్లా ప్యాలెస్‌లో పచ్చటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు ఉంది కదా, 1912 నాటిది. సింహాసనంలాంటి సీటుతో నిజాం కోసం చేసింది. అది ఇన్నేళ్ళలో నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదట. ఆయన అది ఘనతలా చెప్పారు. నాకేమో అద్దాలవెనక దాన్ని చూసినప్పుడు జాలేసింది. నాలుగు వందల మైళ్ళంటే మా ఫియట్ తిరుపతికి పోయి కాస్త దూరం వెనక్కి రావడం.

“అన్నయ్యగారూ, మీ అమెరికా కథే నేనొకటి చెబుతాను” అన్నాను. 1968లో ‘బులిట్’ అనే సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్ ఉంది. 1974లో ఒక మామూలు కుటుంబం దాన్ని ఆరు వేల డాలర్లకి కొనుక్కుంది. ఆ ఇల్లాలు బడిపంతులమ్మ. ఆ కారేసుకునే రోజూ బడికి వెళ్ళేది! 1977లో మెక్వీనే ఉత్తరం రాసి అడిగినా ఇవ్వలేదు. 1980లో క్లచ్చి పోయేదాకా నడిపారు. ఆ సొట్టలతో, ఆ వెలిసిన రంగుతోనే 2020 వేలంలో కమీషనుతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. మీ ‘కూడా’కి ఇంచుమించు సాటే! సినిమా హీరో తోలిన కారు కాబట్టి అంటారా? కావచ్చు. పంతులమ్మ తోలినందువల్ల తగ్గలేదుగా?

పాత బండి పొగ ఎక్కువ వదులుతుందన్నది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే వారానికి రెండుసార్లకి మించి తియ్యను. ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ, మెకానిక్కు సాయిబుగారి కాళ్ళావేళ్ళా పడి దాన్ని సవ్యంగా ఉంచుతున్నదెవరనుకున్నారు? మావారు తుడుస్తారు, అంతే.

ఆ కారు నాకు నేర్పింది మామగారు. 1983లో. కోడలు కారు తోలడమేమిటని బంధువులంతా బుగ్గలు నొక్కుకుంటుంటే, తెల్లవారుజామున పెరేడ్ గ్రౌండ్సు పక్కరోడ్డుకి తీసుకెళ్ళి, స్టీరింగు పక్కనుండే గేరు మీద నా చెయ్యి పెట్టించి “భయపడకమ్మా, ఇనుమేగా” అనేవారు. నాలుగేళ్ళ తర్వాత ఒక అర్ధరాత్రి అత్తయ్యగారికి గుండెనొప్పి వచ్చింది. మావారు క్యాంపులో ఉన్నారు. మామగారికి అప్పటికే చూపు మందగించింది. వానలో, ఒకే వైపరుతో, ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేనూ ఆ ఫియటూ. అత్తయ్యగారు ఆ తర్వాత పదకొండేళ్ళు బతికారు. దానికి ఏ అక్షరాలిస్తారో ఆ దరఖాస్తులో గడి లేదు.

మొన్న ఆదివారం ఈ మాటలన్నీ అనేశాను. ఎవరూ మాట్లాడలేదు. అందరూ కాఫీ గ్లాసుల్లోకి చూశారు. మావారు మాత్రం “ఆలోచిద్దాంలే” అన్నారు. ఆయన ‘ఆలోచిద్దాం’ అంటే ఏమిటో నలభై ఏళ్ళనుంచీ నాకు తెలుసు.

అందుకని తాళంచెవి కందిపప్పు డబ్బాలో, పప్పు అడుగున పెట్టాను. ఆయన వంటింట్లోకి వస్తే గదా. రేపు ఉదయం ఆరింటికి చింతచిగురు వస్తుందని మోండాలో అవ్వ చెప్పింది.