సాత్విక్ - చిరాగ్ జోడీ: ఒలింపిక్ గ్రూపు దశ ఫలితములు

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ (జననము: 2000 ఆగష్టు 13) కోనసీమలోని అమలాపురమునకు చెందిన బ్యాడ్మింటన్ క్రీడాకారుడు. ముంబైకి చెందిన చిరాగ్ శెట్టితో కలసి పురుషుల డబుల్స్ ఆడుచున్నాడు. ఈ జోడీ 2021 జూలైలో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో (కోవిడ్ కారణముగా ఒక సంవత్సరము వాయిదా పడినందున ఇవి 2020 ఒలింపిక్స్ అనియే పిలువబడుచున్నవి) తన మొదటి మ్యాచిలోనే చైనీస్ తైపీకి చెందిన లీ యాంగ్, వాంగ్ చీ-లిన్‌ల జోడీని ఓడించినది. ఓడిన ఆ జోడీయే వారము రోజుల తరువాత స్వర్ణ పతకమును గెలుచుకొన్నది. గెలిచిన మన జోడీ క్వార్టర్ ఫైనల్‌కు కూడా చేరలేదు. ఇది ఎట్లు సంభవించినది, నియమములలో లోపమున్నదా, తరువాతి పోటీలలో ఏమి జరిగినది అను విషయములు ఈ వ్యాసములో పరిశీలింపబడినవి.

నేపథ్యము

సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. అన్న కూడా బ్యాడ్మింటన్ ఆడినవాడే. కోనసీమ యనగానే కొబ్బరితోటలు, లంకలు, సంక్రాంతినాటి ప్రభల తీర్థములు గుర్తుకు వచ్చును; ఆటలలోనైతే చెడుగుడు, వాలీబాల్. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో షటిల్ ఆడువారు ఎప్పుడూ ఉన్నారు గాని, ఇక్కడినుండి ప్రపంచస్థాయి ఆటగాడు వచ్చునని ఎవరూ ఊహించియుండరు. సాత్విక్ 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరినాడు. 2016 ప్రాంతమున మలేషియాకు చెందిన శిక్షకుడు టాన్ కిమ్ హర్ ఇతనిని చిరాగ్‌తో జత కలిపినాడు. ఇద్దరూ వెనుకనుండి బలముగా స్మాష్ కొట్టువారే కనుక ఈ జత కుదరదని మొదట పలువురు భావించిరి.

2018 కామన్వెల్త్ క్రీడలలో పురుషుల డబుల్స్ రజతము, 2019 ఆగష్టులో థాయిలాండ్ ఓపెన్ టైటిల్ ఆ సందేహమును తీర్చినవి. థాయిలాండ్ ఫైనల్‌లో వారు ఓడించినది 2018 ప్రపంచ విజేతలైన లీ జున్‌హుయ్, లియు యూచెన్‌లను. సూపర్ 500 స్థాయి పోటీలో ఒక భారత పురుషుల జోడీ విజేతగా నిలుచుట అదే ప్రథమము.

టోక్యో 'ఏ' గ్రూపు

ఒలింపిక్ బ్యాడ్మింటన్‌లో 2012 లండన్ క్రీడలనుండి గ్రూపు పద్ధతి అమలులో నున్నది. టోక్యోలో పదునారు జోడీలను నాలుగు గ్రూపులుగా విభజించిరి. ప్రతి జోడీకి మూడు మ్యాచిలు, గ్రూపునుండి ఇద్దరికి మాత్రమే క్వార్టర్ ఫైనల్ ప్రవేశము. మన పాఠశాలల ఆటల పోటీలలో 'లీగ్ కమ్ నాకౌట్' అని పిలుచునది ఇదే.

'ఏ' గ్రూపు కఠినమైనది. అప్పటి ప్రపంచ ప్రథమ ర్యాంకు జోడీ ఇండొనేషియాకు చెందిన మార్కస్ గిడియోన్, కెవిన్ సుకముల్జో ఇందులో నున్నారు. మూడవ ర్యాంకుగల లీ - వాంగ్‌లు కూడా ఇందులోనే. మన జోడీ ర్యాంకు పది. నాలుగవ జోడీ బ్రిటన్‌కు చెందిన బెన్ లేన్, షాన్ వెండీ.

జూలై 24న జరిగిన తొలి మ్యాచిలో భారత్ 21-16, 16-21, 27-25 తో తైపీని ఓడించినది. మూడవ గేము 27-25 వరకు పోయినదనిన, ఇరువైపుల వారు పలుమార్లు విజయపు అంచువరకు వచ్చి వెనుదిరిగినారని అర్థము. జూలై 26న ఇండొనేషియా చేతిలో 13-21, 12-21 తో పరాజయము. జూలై 27న బ్రిటన్‌పై 21-17, 21-19 తో విజయము. అదే దినమున తైపీ జోడీ ప్రపంచ ప్రథమ ర్యాంకు జోడీని 21-18, 15-21, 21-17 తో ఓడించినది. ఈ ఒక్క ఫలితము గ్రూపును తలక్రిందులు చేసినది. ఇండొనేషియా గెలిచియున్నచో భారత్ రెండవ స్థానముతో సునాయాసముగా ముందుకు పోయెడిది.

లెక్క

మూడు జోడీలకు రెండేసి విజయములు, ఒక్కొక్క పరాజయము. భారత్ తైపీని, తైపీ ఇండొనేషియాను, ఇండొనేషియా భారత్‌ను ఓడించినవి. రెండు జోడీలు మాత్రమే సమానముగా నున్నచో వాటి మధ్య జరిగిన మ్యాచిలో గెలిచినవారికి ప్రాధాన్యము లభించును. మూడు జోడీలు సమానమైనపుడు ఆ సూత్రము పనిచేయదు. గెలిచిన గేములనుండి ఓడిన గేములను తీసివేసి చూచెదరు. ఆ పట్టిక ఇట్లున్నది:

ఇండొనేషియా: గెలిచినవి 5, ఓడినవి 2, తేడా +3
చైనీస్ తైపీ: గెలిచినవి 5, ఓడినవి 3, తేడా +2
భారత్: గెలిచినవి 4, ఓడినవి 3, తేడా +1

అనగా భారత్ ఒకే ఒక్క గేము తేడాతో మూడవ స్థానమునకు జారినది. ఆ గేము ఏది అన్నది ఆలోచింపదగిన విషయము. చాలామంది ఇండొనేషియాతో జరిగిన మ్యాచినే తలచెదరు. ఆ మ్యాచిలో ఒక గేము గెలిచి ఓడియున్నచో భారత్‌కు 5-3, ఇండొనేషియాకు 5-3, తైపీకి 5-3. ముగ్గురూ సమానమై, పాయింట్ల తేడా చూడవలసి వచ్చెడిది. అక్కడ మనవారికి అనుకూలత లేదు. మూడు మ్యాచిలలో భారత్ సంపాదించిన పాయింట్లు 131, ఇచ్చినవి 140. ఒక గేము ఫలితము మారినంతమాత్రమున ఆ లోటు పూర్తిగా తీరియుండునని చెప్పజాలము.

అసలు కీలకము తొలినాటి మ్యాచిలోని రెండవ గేములో నున్నది. 16-21 తో పోయిన ఆ గేమును కూడా భారత్ గెలిచి, మ్యాచిని రెండు గేములలోనే ముగించియున్నచో భారత్‌కు 4-2, అనగా +2. తైపీకి 4-3, అనగా +1. మిగిలిన ఫలితములన్నియు యథాతథముగా నున్నను భారత్ క్వార్టర్ ఫైనల్‌కు పోయి, తైపీ ఇంటిముఖము పట్టెడిది. జూలై 31న ఫైనల్‌లో చైనా జోడీని 21-18, 21-12 తో ఓడించి స్వర్ణము గెలిచినవారు గ్రూపు దశలోనే నిష్క్రమించియుండెడివారు! ఎంతో సంబరముగా చూచిన ఆ 27-25 విజయములోనే నిష్క్రమణకు కారణము దాగియుండినది. మ్యాచి జరుగుచున్నపుడు ఈ సంగతి ఎవరికీ తెలియదు, తెలియుటకు అవకాశమును లేదు. (గణితము బోధించు ఉపాధ్యాయులు ధన, ఋణ సంఖ్యల పాఠమునకు ఈ పట్టికను నిరభ్యంతరముగా వాడుకొనవచ్చును. పిల్లలు శ్రద్ధగా వినెదరు.)

ఇండొనేషియా జోడీ గ్రూపులో అగ్రస్థానము పొందియు క్వార్టర్ ఫైనల్‌లోనే మలేషియాకు చెందిన ఆరోన్ చియా, సో వూయి యిక్‌ల చేతిలో ఓడినది. ఈ మలేషియా జోడీ పేరు మరల వచ్చును.

నియమము న్యాయమైనదేనా?

నాకౌట్ పద్ధతి యున్నచో తొలిరోజుననే తైపీ జోడీ ఇంటికి పోయెడిది గదా యని వాదించువారు కలరు. అది నిజమే. కాని ఆ పద్ధతిలో దూరదేశములనుండి నాలుగేండ్ల శ్రమతో వచ్చిన ఆటగాడు ముప్పది నిమిషములలో ఓడి వెనుదిరుగవలసి వచ్చును. ఒక్కొక్కరికి కనీసము కొన్ని మ్యాచిలైనను దక్కవలెనను ఆలోచన మంచిదే.

ఆ మంచి ఆలోచన మొదటి ప్రయోగమందే అపఖ్యాతి పాలైనది. 2012 లండన్‌లో మహిళల డబుల్స్‌లో, తరువాతి దశలో బలమైన ప్రత్యర్థిని తప్పించుకొనుటకై కొందరు కావాలని ఓడుటకు ప్రయత్నించిరి. చైనాకు చెందిన ఒక జోడీ, దక్షిణ కొరియాకు చెందిన రెండు జోడీలు, ఇండొనేషియాకు చెందిన ఒక జోడీ - మొత్తము ఎనిమిదిమంది బహిష్కరింపబడిరి. పిదప ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య నియమమును మార్చి, గ్రూపులలో రెండవ స్థానము పొందినవారికి ప్రత్యర్థులను లాటరీ ద్వారా నిర్ణయించు పద్ధతిని ప్రవేశపెట్టినది.

అదే లండన్‌లో మన తెలుగువారికి సంబంధించిన మరియొక ఉదంతమున్నది. హైదరాబాదుకు చెందిన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పతో కలసి గ్రూపులో రెండు మ్యాచిలు గెలిచినది. వాటిలో ఒకటి చైనీస్ తైపీ జోడీపై మూడు గేములలో సాధించిన విజయము. జపాను చేతిలో ఓడినారు. చివరకు జపాను, తైపీ, భారత్ రెండేసి విజయములతో సమానమై, లెక్కలలో స్వల్ప తేడాతో భారత్ వెనుకబడినది. తైపీ చేతిలో జపాను ఓడిన తీరుపై భారత పక్షము ఫిర్యాదు చేసినను ఫలితము మారలేదు. తొమ్మిదేండ్ల తరువాత టోక్యోలో జరిగినది దాదాపు ఇదే కథ. అయితే టోక్యోలో కుట్ర అనదగినది ఏమియు లేదు. తైపీవారు నిజముగా బాగుగా ఆడి ప్రపంచ ప్రథమ ర్యాంకు జోడీని ఓడించినారు. ఈ భేదమును గుర్తింపక రెండింటిని ఒకే గాటన కట్టుట సరికాదు.

గేముల తేడా అను కొలబద్దలో ఒక బలహీనత మాత్రము కలదు. బలమైన ప్రత్యర్థిపై మూడు గేములలో పోరాడి గెలిచినవానికి +1, బలహీనునిపై అవలీలగా గెలిచినవానికి +2 లభించును. అయినను నాలుగు జోడీలు అందరితో అందరూ ఆడు గ్రూపులో ఇంతకంటె సరళమైన ఉపాయము కనుగొనుట కష్టము.

పారిస్ 2024

టోక్యో తరువాత ఈ జోడీ ఎదుగుదల అసాధారణము. 2022 మే 15న భారత్ ఇండొనేషియాను 3-0 తో ఓడించి తొలిసారిగా థామస్ కప్ గెలిచినపుడు డబుల్స్ విజయము వీరిదే. ఆ పోటీలో కూడా భారత్ గ్రూపు దశలో తైపీ చేతిలో 2-3 తో ఓడినది. కాని అక్కడ రెండవ స్థానము సరిపోయినది. అదే సంవత్సరము కామన్వెల్త్ స్వర్ణము, ప్రపంచ పోటీలలో కాంస్యము. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్, ఇండొనేషియా ఓపెన్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణము, అక్టోబరులో ప్రపంచ ప్రథమ ర్యాంకు. సాత్విక్ గంటకు 565 కిలోమీటర్ల వేగముతో కొట్టిన స్మాష్ గిన్నిస్ గ్రంథమునకెక్కినది. ఇండొనేషియా ఓపెన్ ఫైనల్‌లో వీరు ఓడించినది చియా - సోలను. అంతకు ముందు వారితో ఆడిన ఎనిమిది మ్యాచిలలోను ఓడియుండిరి.

పారిస్‌లో గ్రూపు దశ మరియొక విధముగా విచిత్రముగా నడిచినది. ఫ్రాన్సుకు చెందిన కోర్వీ - లాబార్‌లపై 21-17, 21-14 తో గెలిచిరి. తరువాత ఆడవలసిన జర్మనీ జోడీ గాయము వలన వైదొలగినది. నియమము ప్రకారము వైదొలగినవారి మ్యాచిలన్నియు రద్దగును, ముగిసిన వాటి ఫలితములు కూడా చెల్లవు. (ఇదే కారణమున లక్ష్య సేన్ సింగిల్స్‌లో గెలిచిన తొలి మ్యాచి కూడా లెక్కలోనికి రాలేదు.) ఇండొనేషియా జోడీ కూడా ఫ్రెంచివారిని ఓడించుటతో, పరస్పరము తలపడకముందే ఇరువురికి క్వార్టర్ ఫైనల్ స్థానములు ఖాయమైనవి. లెక్కల బెడద లేకపోయినను మన జోడీ ఉపేక్షింపలేదు; ఇండొనేషియాను 21-13, 21-13 తో ఓడించి గ్రూపులో ప్రథమ స్థానము పొందినది. ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్ చేరిన తొలి భారత పురుషుల జోడీ ఇదే.

ఆగష్టు 1న ఎదురైనవారు చియా - సో. తొలి గేము 21-13 తో మనది. తరువాతి రెండు 14-21, 16-21 తో పోయినవి. గ్రూపులో రెండు మ్యాచిలే ఆడుట వలన తగినంత పరీక్ష జరుగలేదని కొందరు వ్యాఖ్యానించిరి. ఆ మాట కొంతవరకే నిజము. మూడవ గేములో మలేషియావారు బంతిని నేలబారుగా వేగముగా ఆడి, వెనుకనుండి స్మాష్ కొట్టుటకు మనవారికి ఎత్తు దొరకకుండ చేసిరి. ఆ పోటీలో స్వర్ణము మరల లీ - వాంగ్‌లదే; పురుషుల డబుల్స్‌లో ఒలింపిక్ స్వర్ణమును నిలబెట్టుకొన్న మొదటి జోడీ వారు.

ఇటీవలి పరిణామములు

2025 ఆగష్టులో పారిస్‌లోనే జరిగిన ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్‌లో మన జోడీ చియా - సోలను 21-12, 21-19 తో ఓడించి, తమ రెండవ ప్రపంచ కాంస్యమును గెలుచుకొన్నది. ఆ సంవత్సరారంభమున సాత్విక్ తండ్రి మరణించినాడు.

2025 డిసెంబరులో హాంగ్‌ఝౌలో జరిగిన వరల్డ్ టూర్ ఫైనల్స్ మన చర్చకు మరింత దగ్గరైనది, ఏలననగా అదియు గ్రూపు పద్ధతిలో జరుగు పోటీయే. మన జోడీ మొదటి మ్యాచిలోనే పారిస్ ఒలింపిక్ రజత విజేతలైన చైనా జోడీ లియాంగ్ వెయ్‌కెంగ్, వాంగ్ చాంగ్‌లను ఓడించినది. తరువాత ఇండొనేషియా, మలేషియా జోడీలను కూడా ఓడించి గ్రూపులో ప్రథమముగా నిలిచినది. మూడు మ్యాచిలును మూడేసి గేములకు పోయినవి. టోక్యో లెక్క ప్రకారము చూచిన ఇది ప్రమాదకరమైన మార్గమే, కాని మూడింటిలోను గెలిచినవానికి గేముల తేడాతో పనిలేదు. సెమీఫైనల్‌లో ఎదురైనది తొలిరోజున ఓడించిన లియాంగ్ - వాంగ్‌లే. మొదటి గేమును 21-10 తో గెలిచియు, తరువాతి రెండు గేములను 17-21, 13-21 తో చేజార్చుకొన్నారు.

తరువాతి ఒలింపిక్స్ 2028 జూలైలో లాస్ ఏంజెలెస్‌లో జరుగనున్నవి. అప్పటికి సాత్విక్‌కు ఇరువది ఏడేండ్లు నిండియుండును, చిరాగ్‌కు ముప్పది ఒకటి.