తొమ్మిదేళ్ళు ఉండి చూడని ఊరు

జంతికల డబ్బాల్లో అడుగున పొడి మాత్రమే మిగిలే రోజులివి. మా ఇంటికి ఈసారి సంక్రాంతికి చుట్టాలొచ్చారు. సౌదీలో పండక్కి చుట్టాలు రావడమంటే ఎంత పెద్ద సంగతో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఉండి ఇది చదివే అత్తలకీ అమ్మలకీ ఆడపడుచులకీ చెబుతున్నా.

వచ్చినామె నిజానికి వరసకి నాకేమీ కాదు. 2009లో దమ్మామ్‌లో మా కింద పోర్షన్‌లో దిగిన అమలాపురం వైపు ఆవిడ. మొదటి రోజే తలుపు కొట్టి "వదినగారూ, రెండు రెబ్బలు కరివేపాకు ఉందా?" అంది. అప్పట్నుంచి వదినే. పత్రికలో పేరు వెయ్యొద్దంది, కాబట్టి ఇక్కడా వదినే. తొమ్మిదేళ్ళు ఒకళ్ళ పిల్లల్ని ఒకళ్ళం ఎత్తుకుని తిరిగాం. 2018 మేలో ఫైనల్ ఎగ్జిట్ మీద పిల్లలిద్దర్నీ తీసుకుని వెళ్ళిపోయింది. అన్నయ్యగారు ఇక్కడే ఉండిపోయారు.

ఎందుకో మీలో చాలామందికి తెలుసు. 2017 జూలైలో డిపెండెంట్ల ఫీజు మొదలైంది. మొదటి ఏడాది తలకి నెలకి 100 రియాళ్ళు. ఏడాదికో వంద పెరుగుతూ 2020కి 400 అవుతుందని ముందే చెప్పేశారు. అన్నయ్యగారు కాగితం మీద లెక్క వేశారు. భార్యా ఇద్దరు పిల్లలూ, ముగ్గురికి 400 చొప్పున ఏడాదికి 14,400 రియాళ్ళు. అదీ ఇఖామా రెన్యువల్‌తో కలిపి ముందే కట్టాలి. ఇంటద్దె, స్కూలు ఫీజులు దాని పైన. ఆ కాగితం నేనూ చూశాను. కింద గీత గీసి "మీరు వెళ్ళండి" అని రాసి ఉంది, అంతే. మా ఆయన కంపెనీ ఫీజు కట్టింది కాబట్టి మేం మిగిలాం. అందులో మా గొప్పేం లేదు.

ఈ సంక్రాంతి సెలవులకి వదిన కూతుర్ని తీసుకుని విజిట్ వీసా మీద వచ్చింది. పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. పెద్దవాడు ఇంటర్ రెండో ఏడాది, వాడికి కాలేజీవాళ్ళు సెలవులే ఇవ్వలేదు. అన్నయ్యగారు ఉండేది నలుగురు పంచుకున్న రూములో. అందుకని పది రోజులూ ముగ్గురూ మా ఇంట్లోనే.

"ఎక్కడికి వెళ్దాం వదినా?" అంటే "లులూకి వెళ్దాం" అంది! తొమ్మిదేళ్ళలో ఆవిడ చూసిన సౌదీ అంటే లులూ, పిల్లల స్కూలు, నెలకోసారి కార్నిష్. నేను నవ్వబోయి ఆగిపోయాను. నేనొచ్చి పదిహేనేళ్ళు దాటింది, గంటన్నర దూరంలో ఉన్న అల్ అహ్సా నేనూ చూడలేదు. "ఎప్పుడైనా వెళ్దాంలే" అనుకోవడమే. మీరు ఎన్నిసార్లు అనుకున్నారో చేతివేళ్ళ మీద లెక్కపెట్టుకోండి.

శుక్రవారం జుమ్మా అయ్యేదాకా కొట్లు తెరవరని శనివారం పెట్టుకున్నాం. పొద్దున్న ఏడింటికి ఇన్నోవాలో ఏడుగురం. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ, వదిన తెచ్చిన ఆత్రేయపురం పూతరేకులు. కింద పార్కింగ్‌లో నేను వెళ్ళి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నా. వదిన బయటే నిలబడిపోయింది. ఆవిడ వెళ్ళింది మేలో, ఇక్కడ ఆడవాళ్ళకి స్టీరింగ్ ఇచ్చింది అదే ఏడాది జూన్ 24న. నెల తేడా. "నువ్వా నడిపేది?" అని మూడుసార్లు అడిగి, నా పక్క సీట్లో కూర్చుని, అబ్‌ఖైక్ దాటేదాకా పైన హ్యాండిల్ వదల్లేదు.

ఒంటి మీద పాత నల్ల అబాయా. 2019లో టూరిస్ట్ వీసాలు మొదలుపెట్టినప్పుడే విదేశీ ఆడవాళ్ళకి అది తప్పనిసరి కాదన్నారు, ఒళ్ళు కప్పే పద్ధతైన బట్టలుంటే చాలు. అదే చెప్పాను. "తెలుసులే వదినా, ఇది వేసుకుంటేనే దమ్మామ్ వచ్చినట్టుంది" అంది. ఏడేళ్ళూ బీరువాలో దాచిందట.

దారంతా ఇసుకే. హుఫూఫ్ దగ్గర పడుతుంటే ఒక్కసారిగా పచ్చదనం మొదలైంది. యునెస్కోవాళ్ళు 2018లో అల్ అహ్సాని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. వాళ్ళ లెక్కలో ఇక్కడ 25 లక్షల ఖర్జూరపు చెట్లున్నాయి, లోకంలో ఇంత పెద్ద ఒయాసిస్ ఇంకోటి లేదు. ఒక తోట పక్కన బండి ఆపాం. పైన ఖర్జూరం, దాని నీడలో నిమ్మ, అత్తి, అడుగున పశువుల గడ్డి, మధ్యలో కాలవ. వదిన గట్టు మీద నిలబడి, "మా కొబ్బరితోటే ఇది! అక్కడ కింద అరటీ కోకోనూ, అంతే తేడా" అంది. ఒకప్పుడు ఇక్కడ ఊటలు వాటంతటవే పొంగేవట. ఇప్పుడు చాలా చోట్ల మోటార్లతో తోడాల్సిందే. ఆ ముక్క వినగానే కోనసీమ మనిషి కదా, మొహం చిన్నబుచ్చుకుంది.

అక్కణ్ణించి జబల్ అల్ ఖారా. బయటనుంచి మామూలు మట్టిరంగు కొండే. లోపలికి వెళ్తే రెండు గోడల మధ్య సందులు, తలెత్తి చూస్తే ఎక్కడో సన్నగా ఆకాశం. ఎండాకాలం బయట మంటలు లేచినా లోపల చల్లగా ఉంటుంది, చలికాలం వెచ్చగా ఉంటుంది. లైట్లు పెట్టారు, నడవడానికి దారి వేశారు. పిల్లలు ముందు పరిగెత్తారు. ఒక మలుపులో పిల్లకి వెనక ఎవరూ కనపడలేదు కాబోలు, గట్టిగా అరిచింది.

"నాన్నా, వినిపిస్తోందా?"

వీడియో కాల్‌లో సిగ్నల్ పోయినప్పుడు అడిగినట్టే, అదే గొంతుతో. అన్నయ్యగారు కూడా అలవాటుగా, "ఆఁ, వినిపిస్తోందమ్మా, చెప్పు" అన్నారు. తర్వాత ఇద్దరికీ అర్థమై నవ్వుకున్నారు, మేమూ నవ్వాం. వదిన మాత్రం గోడకేసి తిరిగి అబాయా కొంగు సర్దుకుంటూ ఉండిపోయింది. నేనేం మాట్లాడలేదు. ఆ పిల్ల ఆరేళ్ళప్పుడు వెళ్ళింది. తండ్రిని ఫోన్లోనే ఎరుగును.

మధ్యాహ్నం చాప పరుచుకుని తిన్నాక వదినే మొదలుపెట్టింది. "అప్పుడెందుకు తిరగలేదో తెలుసా వదినా? ఒకసారి కార్నిష్‌లో దిగిన ఫోటో పంపాం. రెండో రోజు ఊర్నుంచి ఫోను. షికార్లకి డబ్బులుంటాయి గానీ ఇక్కడ శ్లాబుకి ఉండవా, అని. ఆ తర్వాత ఫోటో దిగాలంటే భయం. ఫోటో దిగలేనప్పుడు వెళ్ళడమెందుకని వెళ్ళడమూ మానేశాం. శ్లాబు వేశాం. ఇప్పుడా ఇంట్లో నేనూ పిల్లలే ఉంటున్నాం." అన్నయ్యగారు పులిహోరలో పల్లీలు ఏరుతూ వింటున్నారు. పదిహేనేళ్ళకి పైగా ఇక్కడున్న మనిషి, ఆయనా ఆ కొండ చూడటం అదే మొదలు. "శుక్రవారం బట్టలుతుక్కోడం, పడుకోడం, మీకు ఫోన్ చెయ్యడం. ఒక్కణ్ణీ ఎక్కడికెళ్తాను?" అన్నారు.

సాయంత్రం హుఫూఫ్ పాతబజారు, ఖైసరియ్యా సూక్. 2001లో కాలిపోతే మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టారు. మధ్యాహ్నం చాలా కొట్లు మూస్తారు, నాలుగు దాటాకే వెళ్ళండి. మసాలాలు, అబాయాలు, ఖలాస్ ఖర్జూరాలు. ఒక కొట్లో బస్తాలో ఎర్ర బియ్యం! హసావీ బియ్యమట, ఇక్కడే పండుతుందట. నీళ్ళు బాగా తాగే పంట కాబట్టి తక్కువే వేస్తారు, ఖరీదూ ఎక్కువే. బాలింతలకి వండిపెడతామని కొట్టాయన చెప్పాడు. ఎడారిలో వరి పండుతుందని మనలో ఎంతమందికి తెలుసు? వదిన గుప్పెడు తీసి వాసన చూసి, "పండక్కి కొత్త బియ్యం దొరికాయి వదినా" అంది. రెండు కేజీలు కొన్నాం.

మర్నాడు ఆ బియ్యంతో ఖర్జూరం వేసి పరమాన్నం పెట్టాం. నాలుగు విజిల్స్‌కి బియ్యం బియ్యంలాగే ఉంది! మీరు కొంటే ముందురోజు రాత్రే నానబెట్టండి, నీళ్ళు ఎక్కువ పొయ్యండి. మాది పదకొండింటికి ఉడికింది. అప్పటిదాకా పిల్ల వాళ్ళ నాన్న పక్కన కూర్చుని స్కూలు సంగతులు చెప్తూనే ఉంది. బియ్యం ఉడక్కపోతేనేం అనిపించింది.

వదిన వెళ్ళి వారమైంది. మిగిలిన కేజీ బియ్యం పెద్దవాడి కోసం పట్టుకెళ్ళింది.

ఇక్కడున్న అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. "మన ఊరు కాదుగా" అనీ, "ఎవరైనా వస్తే చూద్దాం" అనీ వాయిదా వెయ్యకండి. మన ఇఖామా ఏడాదికోసారి రెన్యువల్ అయ్యేది. ఏ ఏడు ఏ కాగితం మీద ఏ లెక్క తేలుతుందో తెలీదు. పెట్రోలూ పులిహోరా ఉంటే ఒక శనివారం చాలు. పక్క రూములో ఒంటరిగా ఉన్న అన్నయ్యో తమ్ముడో ఉంటే బండిలో ఒక సీటు ఇవ్వండి.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఒక చిన్న మనవి. మీ అమ్మాయో కోడలో ఖర్జూరపు చెట్టు కింద నవ్వుతూ దిగిన ఫోటో పంపితే, శ్లాబు సంగతి ఆ రోజుకి అడక్కండి. "బాగున్నారు, ఇంకోటి పంపండి" అనండి చాలు.

మీరు ఉన్నచోట, గంటన్నర దూరంలో, ఇన్నేళ్ళూ చూడని ఊరేదో రాయండి. వచ్చే నెల కలుద్దాం.