కుంటలో పాచికి మేత వేస్తున్నది మనమే

పై వీడియోలో మా కుంట చూశారు కదా. దాన్ని చూసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "పాచికి ఏం మందు కొట్టాలి?" నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మందు అడిగే ముందు ఆ పాచికి మేత ఎవరు వేస్తున్నారో చూసుకోవాలి. మా కుంటలో వేసింది నేనే.

గురజాల వైపు మా పొలం సాగర్ కుడి కాలువ కింద ఉంది. కాలువ కట్టేశాక కుంటే దిక్కు. మిరప డ్రిప్పుకీ, గేదెలకీ, గొర్రెలకీ అవే నీళ్లు. రెండేళ్ల కిందట, నీళ్లు బాగుపడతాయని ఎవరో చెబితే, పదిహేను రోజులకోసారి డ్రమ్ము జీవామృతం కుంటలో పోశాను. వేసవి వచ్చేసరికి డ్రిప్పు ఫిల్టరు రోజూ మూసుకుపోయేది. ఒకరోజు తెల్లారేసరికి చేపలు తేలాయి. పగలు ప్రాణవాయువు ఇచ్చే నాచే రాత్రిపూట దాన్ని వాడుకుంటుంది. నాచు మరీ ఎక్కువైతే తెల్లవారుజామున చేపలకు మిగలదు.

200 లీటర్ల జీవామృతంలో 10 కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి ఉంటాయి. నేలలో అది సూక్ష్మజీవులకు బలం. నిలవ నీళ్లలో దాని నత్రజని, భాస్వరం నాచుకు మేత. 1973లో కెనడా శాస్త్రవేత్తలు ఒక సరస్సుకి మధ్యలో తెర కట్టి, రెండు పక్కలా కర్బనం, నత్రజని వేసి, ఒక పక్క మాత్రం భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన పక్కే పచ్చగా మారింది. ఆ భాస్వరం ఆవు నుంచి వచ్చిందా, డీఏపీ బస్తా నుంచి వచ్చిందా అని నాచు అడగదు. మన ప్రకృతి రైతులు ఒప్పుకోవాల్సింది ఇదే.

ఇక గుర్తుపట్టడం. మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి కనపడుతూ, నీళ్లు లేత పచ్చగా ఉంటే భయం లేదు. అది చేపలకు మేత. కర్ర ముంచి లేపితే జుట్టులా వేలాడేది తీగనాచు. ఫిల్టర్లకు అది శత్రువు. అడుగున గరుగ్గా, నలిపితే వెల్లుల్లి వాసన కొట్టేది కారా. మన పల్నాడులాంటి సున్నపురాయి నేలల నీళ్లంటే దానికి ఇష్టం. చిన్న ఆకులు, వేళ్లు ఉంటే అది అజొల్లా లాంటి మొక్క, నాచు కాదు.

భయపడాల్సింది కర్రకు రంగు పూసినట్టు అంటుకునే నీలిఆకుపచ్చ నాచుకి. గాజు సీసాలో నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పచ్చదనం పైకి తేలి పొరలా కడితే అదేనని అనుమానించాలి. అందులో విషం ఉందో లేదో కంటికి తెలియదు. అందుకే పశువుల్ని ఆ నీళ్లకు తోలొద్దు. 2020లో బోట్స్‌వానాలో 330కి పైగా ఏనుగులు చనిపోతే, నీటి గుంటల్లోని ఈ నాచు విషమే కారణమని అక్కడి ప్రభుత్వం చెప్పింది.

చాలామంది మైలుతుత్తం పోస్తారు. నేను వద్దంటాను. సున్నం ఎక్కువున్న మన నీళ్లలో తుత్తం పని తగ్గుతుంది, దాంతో ఇంకాస్త ఇంకాస్త పోస్తారు. నీలిఆకుపచ్చ నాచు ఒక్కసారిగా చస్తే దాని కడుపులోని విషం నీళ్లలో కలుస్తుంది. రాగి మాత్రం ఎటూ పోదు, పూడికలో పేరుకుంటుంది. ఆ పూడికే మనం పొలానికి తోలుకుంటాం. గొర్రెలకైతే రాగి కొంచెం ఎక్కువైనా ప్రమాదం.

నేనేం చేశానంటే, జీవామృతం పొయ్యడం ఆపేశాను. గేదెల్ని కుంటలో దించట్లేదు, తొట్టిలో తోడి పోస్తున్నాను. పేడ దిబ్బను గట్టు అవతలికి మార్చాను. వాననీళ్లు దిగేచోట చిన్న గుంట తవ్వి, చుట్టూ వట్టివేరు పెట్టాను. మట్టి, ఎరువు అక్కడే ఆగుతాయి. తీగనాచును వెదురు కర్రకు పాత వల కట్టి లాగి, గట్టు మీద వదలకుండా కంపోస్టులో వేస్తున్నాను. గట్టు మీదే వదిలితే ఆ బలమంతా మళ్లీ కుంటలోకే. మోటారు గొట్టాన్ని పై తెట్టుకి అడుగున్నర కింద ఉంచాను. కుంట ఎండినప్పుడు పూడిక తీసి చేలో తోలాను. ఇది మన తాతలు చేసిన పనే.

నాచు మొత్తం పోలేదు. పోనక్కర్లేదు కూడా. ఇప్పుడు ఫిల్టరు వారానికోసారి కడిగితే చాలు. గొర్రెలు తాగుతుంటే గుండె దడదడలాడట్లేదు.

రేపు పొద్దున్నే మీ కుంటలో ఒక కర్ర ముంచి చూడండి. ఆ తర్వాత కుంట చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్లలోకి ఎటునుంచి ఏం దిగుతుందో చూడండి. మందు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.