రోడ్డు మీద సైకిలుకూ హక్కుంది
హాలండులో యాభై ఏళ్ల ఉద్యమం నేర్పుతున్న పాఠం

సైకిలు పేదవాడి బండి అని, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే దాన్ని చావడిలో పడేసి మోటారు సైకిలు కొనుక్కోవాలని అనుకోవడం పరిపాటి. ఐరోపాలోని సంపన్న దేశాలలో ఒకటైన హాలండు ఇందుకు భిన్నంగా నడుస్తున్నది. నెదర్లాండ్స్ అన్నది దాని అసలు పేరు. విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు ఉండే ఆ దేశంలో జనాభా దాదాపు 1.8 కోట్లయితే, సైకిళ్లు 2.3 కోట్లకు తక్కువ లేవు. జనం చేసే ప్రతి నాలుగు ప్రయాణాలలో ఒకటికి పైగా సైకిలు మీదనే సాగుతున్నది.

దేశమంతా చదునైన నేల కావడమే ఇందుకు కారణమని చెప్పేవారున్నారు. నేల 1970లో కూడా చదునుగానే ఉంది. అయినా ఆ రోజుల్లో అక్కడ సైకిలు దాదాపు మూలపడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనం చేతిలో డబ్బు పెరిగింది, కార్లు పెరిగాయి. కార్ల కోసం పాత పేటలు పడగొట్టి రోడ్లు వెడల్పు చేశారు. సైకిలు తొక్కేవారు ఏటేటా తగ్గిపోయారు.

పిల్లల ప్రాణాలతో మొదలు

దీనికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1971లో ఆ దేశపు రోడ్ల మీద 3,000 మందికి పైగా మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలే. కూతురిని రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత ‘పిల్లల హత్య ఆపండి’ అన్న శీర్షికతో 1972లో వ్యాసం రాశారు. అదే పేరుతో ఉద్యమం లేచింది. తల్లిదండ్రులు వీధులు మూసి పిల్లలను ఆడించారు. ప్రమాదాలు జరిగే చోట్ల బైఠాయించారు.

మరుసటి ఏడాదే చమురు సంక్షోభం వచ్చిపడింది. పెట్రోలు పొదుపు కోసం 1973 నవంబరు 4 నుంచి కొన్ని ఆదివారాలు కార్లు నడపరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. కార్లు లేని రోడ్డు ఎలా ఉంటుందో జనం ఆనాడు కళ్లారా చూశారు.

ఈ నేపథ్యంలో 1975లో సైకిలు వాడేవారి జాతీయ సంఘం ఏర్పడింది. ‘అసలైన డచ్చి సైకిలిస్టుల సంఘం’ అని పేరు పెట్టుకున్నారు. ‘అసలైన’ అనడంలో ఒక చురక ఉంది. 1883లో సైకిలు తొక్కేవారి కోసమే పుట్టిన పాత సంఘం కాలక్రమాన కారు యజమానుల సంఘంగా మారిపోయింది. ఇప్పుడు కొత్త సంఘాన్ని క్లుప్తంగా ఫీట్సర్స్‌బాండ్ అంటున్నారు. దాని కార్యాలయం ఉట్రెక్ట్ నగరంలో ఉంది.

అర్జీ ఒక్కటే కాదు

ఈ సంఘం నినాదాలతో సరిపెట్టుకోలేదు. దీని శాఖలు ఊరూరా ఉన్నాయి. సభ్యులు ప్రమాదకరమైన రోడ్ల మీద గుంపుగా సైకిళ్లపై వెళ్లి, ఎక్కడ గుంత ఉన్నదీ, ఏ మలుపులో లారీ కనిపించదన్నదీ జాబితా రాసి పురపాలక సంఘాల ముందు పెట్టారు. వట్టి ఫిర్యాదును పక్కన పడేయవచ్చు గాని, చోటుతో సహా రాసి ఇచ్చిన లెక్కను పక్కన పెట్టడం అధికారులకు అంత సులభం కాదు.

1970 దశకంలో ప్రభుత్వ ఖర్చుతో హేగ్, టిల్‌బర్గ్ నగరాలలో ప్రత్యేక సైకిలు బాటలు వేశారు. బాట వేసిన వీధికి సైకిళ్లు మళ్లాయి. కాని ఊరు మొత్తం మీద సైకిలు వాడకం పెద్దగా పెరగలేదు. తర్వాత డెల్ఫ్ట్ పట్టణంలో ఒక్క బాట కాక, ఇంటి నుంచి బడికి, బజారుకు, స్టేషనుకు కలిసేలా బాటల అల్లిక వేశారు. అప్పుడు వాడకం పెరిగింది. పెద్ద కాలువ తవ్వి పిల్ల కాలువలు వదిలేస్తే పొలానికి నీరందదన్నది మన రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. నేడు ఆ దేశంలో సైకిలు బాటల పొడవు సుమారు 35,000 కిలోమీటర్లు. ఉట్రెక్ట్ రైల్వే స్టేషను కింద ఒక్కచోటనే 12,500 సైకిళ్లు నిలిపే ఏర్పాటు 2019లో పూర్తయింది.

చట్టం ఎవరి పక్షం?

బాటలతోపాటు చట్టమూ సైకిలు పక్షాన నిలిచింది. మోటారు వాహనం, సైకిలు ఢీకొంటే నష్టపరిహారం బాధ్యత సాధారణంగా మోటారు వాహనం వారిదే. గాయపడినది 14 ఏళ్ల లోపు పిల్లలైతే, తప్పు పిల్లలదైనా దాదాపు ఎల్లప్పుడూ పూర్తి పరిహారం ఇవ్వాలి. బరువైన బండి నడిపేవారికే ఎక్కువ జాగ్రత్త ఉండాలన్నది ఇందులోని న్యాయం.

ఇంత చేసినా సమస్య తీరిపోలేదు. 2023లో అక్కడి రోడ్ల మీద మరణించిన 684 మందిలో 270 మంది సైకిలు మీద వెళుతున్నవారే. కార్లలో పోయినవారి కంటే వీరే ఎక్కువ. వీరిలో వృద్ధులు అధికం. బ్యాటరీ సైకిళ్లు వచ్చాక వేగం పెరిగింది, పాత బాటలు ఇరుకయ్యాయి. 1971 నాటి లెక్కతో పోల్చితే మొత్తం మరణాలు నాలుగో వంతుకు తగ్గినా, సంఘానికి ఇంకా పని మిగిలే ఉంది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,000 మందికి పైగా మరణించారు. మనకూ చట్టం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ప్రకారం, వాహనం వల్ల మరణం సంభవిస్తే 5 లక్షల రూపాయలు, తీవ్ర గాయమైతే 2.5 లక్షలు యజమాని లేదా బీమా కంపెనీ చెల్లించాలి. డ్రైవరు తప్పును రుజువు చేయనక్కరలేదు. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ తెలియకపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. పరిహారం ప్రాణం పోయాక వచ్చేది. బాట ప్రాణం పోకుండా కాపాడేది. బడికి సైకిలు మీద వెళ్లే పిల్లలున్న ప్రతి ఊరికీ హాలండు తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న వర్తిస్తుంది. ఆ ప్రశ్నను లెక్కతో, జాబితాతో, పదిమంది కలిసి అడిగినందువల్లనే వారికి జవాబు దొరికింది.