మన పాటను గడుల్లో ఇరికించొద్దు

మన ఆదిలాబాద్ దండారి పాటలకూ గుస్సాడీ దరువులకూ ఇప్పుడు ప్యాడ్ల పెట్టెల మీద రీమిక్సులు కడుతున్నారు. కట్టనివ్వండి. కానీ "మీ పెద్దాయన స్కేల్‌లో పాడలేదు, సరిచేశాం" అంటే మాత్రం ఊరుకోకూడదు. అది ఎవరి స్కేలు?

1983లో వచ్చిన మిడి పద్ధతిలో ప్రతి స్వరానికీ ఒక నంబరు ఉంటుంది, 0 నుంచి 127 దాకా. మామూలు అమరికలో ఒక స్థాయికి 12 మెట్లు, మెట్టుకూ మెట్టుకూ మధ్య సరిగ్గా 100 సెంట్ల దూరం. 150 సెంట్ల దగ్గర నిలిచే స్వరానికి అక్కడ చోటే లేదు. పైగా ప్యాడ్లను మేజర్ స్కేలుకు కట్టేస్తే ఆ 12లోనూ 5 మాయం. ఇక తప్పు స్వరం మోగనే మోగదని గొప్పగా చెబుతారు. మన స్వరం కూడా మోగదని ఎవరూ చెప్పరు.

మన పర్ధాన్లు, తోటీలు వాయించే కిక్రికి మెట్లు లేవు. మూడు తీగల మీద వేలు కావలసిన చోట ఆగుతుంది, జారుతుంది. దాన్ని పక్క గడిలోకి నెట్టడం బడి రిజిస్టరులో మన పిల్లల పేర్లు మార్చి రాయడం లాంటిదే. నోరు తిరగనిది రాసేవాడికి, పేరు పోయేది బిడ్డకు.

యంత్రానికి చేతకాదనే సాకు చెల్లదు. స్వరాన్ని వంచడానికి మిడిలోనే 16,384 అంచెలున్నాయి. ఒక్కో స్వరాన్ని విడివిడిగా వంచే ఎంపీఈ పద్ధతి 2018లోనే ప్రమాణమైంది. మన శ్రుతిని మనమే పెట్టుకునే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. కొరతంతా ఓపికకే.

అందుకే మన కుర్రాళ్లకు చెబుతున్నా: మీరూ ప్యాడ్లు నేర్చుకోండి. ముందు పెద్దల పాటను ఆటోట్యూన్ లేకుండా రికార్డు చేయండి. అదే పాట నాలుగుసార్లు పాడించి, ఏ స్వరం ఎక్కడ నిలుస్తుందో సెంట్లలో కొలవండి. ఆ కొలతకు ప్యాడ్లను శ్రుతి చేయండి. నిలవకుండా జారే చోట ముక్కలు చేయకుండా ఆ పలుకు మొత్తాన్నీ ఒకే ప్యాడ్ మీద పెట్టండి. చివరికి పాడినవాళ్లకే వినిపించండి. "ఇది మన పాటే" అని వాళ్లు ఒప్పుకున్నాకే బయటికి వదలండి.

సరిచేసిన పాటనే ఫోన్లో వింటూ పెరిగిన పిల్లలకు రేపు గూడెంలో తాత పాడేది అపశ్రుతిగా వినిపిస్తుంది. తాత తప్పు పాడుతున్నాడని మనవడు నమ్మిన రోజున ఆ పాటను ఏ పెట్టే కాపాడలేదు.