సంపాదకుని మాట: ఒక్కసారి వచ్చిపోయే పందెం

2018 నవంబరు 16 నుంచి 18 దాకా విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణమ్మ మీద ఎఫ్1హెచ్2ఓ అనే ప్రపంచ స్థాయి మోటారు పడవల పందెంలో పడవలు పోటీ పడ్డాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ వాటి వెనక నీళ్లు గోడలా లేచేవి. అమరావతి పేరుతోనే ఒక జట్టు బరిలోకి దిగింది. మరుసటి ఏడాది ఆ పోటీ ఇటు రానే లేదు.

హైదరాబాదుదీ అదే కథ. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఈ కార్లు దూసుకెళ్లాయి. చక్రాలు బయటికి కనిపించే ఆ ఒంటిసీటు కార్లను మన గడ్డ మీద చూడటం కుర్రకారుకు పండగే. గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. ఈలోగా ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో పోటీ జనవరిలోనే రద్దయింది.

వీధి ట్రాక్ అంటే తడిసి మోపెడయ్యే ఖర్చు. కాంక్రీటు దిమ్మెలు, కంచెలు, గ్యాలరీలు అన్నీ కొన్ని గంటల ఆట కోసం నిలబెట్టి, మళ్లీ విప్పేయాలి. ఒక్క టిక్కెట్ల రాబడితో అది గట్టెక్కదు. సర్కారో, స్పాన్సరో చెయ్యి వెనక్కి తీసుకుంటే అంతే సంగతులు.

ఇలాంటి పందేల మీద పోసే కోట్లలో కొంతైనా విజయవాడ, గుంటూరు మధ్య ఏడాది పొడవునా తెరిచి ఉండే మంచి కార్టింగ్ ట్రాక్‌కు, పిల్లల శిక్షణకు పెట్టాలి. రేసర్లు తయారయ్యేది అక్కడే.